నానీ, ముద్ద, ఒక పావురం

మా ఇంట్లోకి జపాను భాష ఎలా జొరబడిందో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత వెళ్ళబోసుకోబోయే నా గోడు మీకు అర్థం కాదు.

మూడేళ్ళ క్రితం ఓ ఆదివారం మా బావమరిది పెళ్ళాం పిల్లలతో మా ఇంటికి భోజనానికొచ్చాడు. గోదావరి జిల్లాలవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఇంటికో నాని ఉంటాడు. మావాడూ ఇంట్లో నానియే. సోఫాలో ముడుచుకుని కూర్చుని ఫోను చూసుకుంటున్న మా అమ్మాయి ఉన్నట్టుండి "నానీ?!" అని పొలికేక పెట్టింది. గారె నోట్లో పెట్టుకోబోతున్న మావాడు ఉలిక్కిపడి "ఏంటమ్మా?" అన్నాడు. "నిన్ను కాదు మావయ్యా" అంది అది తల ఎత్తకుండా. ఐదు నిమిషాలాగి మళ్ళీ "నానీ?!". మళ్ళీ ఈయన "ఏంటే?". నాలుగోసారికి మా అమ్మ అందుకుంది. మేనమామని పేరుపెట్టి అరవడమేమిటని అమెరికా పెంపకాన్నీ, ఆ పెంపకం చేసిన నన్నూ కలిపి ఒకేసారి దులిపేసింది.

విచారణలో తేలిందేమిటంటే, 'నానీ' అంటే జపాను భాషలో "ఏమిటీ?" అని అర్థమట. 1984లో టీవీలో మొదలైన 'ఫిస్ట్ ఆఫ్ ది నార్త్ స్టార్' అనే అనిమేలో కెన్షిరో అని ఒక కండలవీరుడున్నాడు. ఆయన శత్రువుని ఎక్కడో నొక్కాల్సినచోట నొక్కేసి, నీ పని ఎప్పుడో అయిపోయింది నాయనా, నీకింకా కబురందలేదంతే అన్న ధోరణిలో చల్లగా చెబుతాడు. శత్రువు "నానీ?!" అంటాడు. ఆ తర్వాత తల పేలిపోతుంది. అంతే జోకు. మొదట్లో నాకు నవ్వు రాలేదు. తర్వాత ఆలోచిస్తే, శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌లోకి కోడు తోసేసి ఈల వేసుకుంటూ బ్యాగు సర్దుకునే ప్రతి సాఫ్టువేరు జీవి కథా ఇదే కదా అనిపించింది. వాడి పని అప్పటికే అయిపోయింది. ఫోనింకా మోగలేదంతే :-)

తర్వాత 'ముదా' వచ్చింది. 'జోజో' అనే అనిమేలో డియో అని ఒక మహా విలను, ఎదుటివాణ్ణి గుద్దుతున్నంతసేపూ "ముదా ముదా ముదా" అని అరుస్తూనే ఉంటాడు. మా అమ్మాయి సోఫా దిండుని అదే పద్ధతిలో ఉతుకుతోంది. మా అమ్మ గబగబా వంటింట్లోకెళ్ళి వేడన్నంలో ఆవకాయ, నెయ్యి కలిపి పళ్ళెంతో వచ్చి, "ఇదిగో ముద్ద. దీనికంత అరవాలా తల్లీ, మెల్లిగా అడిగితే పెట్టనా?" అంది. అది నోరు తెరిచి తినేసింది. 'ముదా' అంటే వృథా అని అర్థమట. ఆవకాయ ముద్దని వృథా అనేవాడెవడైనా నాకు జన్మశత్రువు, డియో అయినా సరే.

ఇలా పిల్ల నవ్వుతున్నది దేనికో తెలుసుకుందామని మొదలుపెట్టి, నేనే అనిమే పిచ్చాణ్ణైపోయాను. నలభై ఎనిమిదేళ్ళవాడికి ఇదేం రోగమని మా ఆవిడ అంటూనే ఉంది. కానీ నాకో సాకు దొరికింది. తొంభైల్లో ఆదివారం పూట దూరదర్శన్‌లో మనందరం నోళ్ళు తెరుచుకుని చూసిన మోగ్లీ ఉన్నాడే, అది 1989లో జపాను కంపెనీ నిప్పన్ యానిమేషన్ తీసిన సీరియల్. గుల్జార్ పాట రాసి, నానా పాటేకర్ షేర్‌ఖాన్‌కి గొంతిచ్చేసరికి మనది కాక మరెవరిది అనుకున్నాం. అంటే మా అమ్మాయి పుట్టక ముందునుంచీ నేను అనిమే అభిమానినే అన్నమాట. ఈ ఒక్క పాయింటు మీద ఇంట్లో ఓ నెల రోజులు దర్జాగా బతికేశాను.

ఈ మీమ్స్ వ్యవహారంలో నాకు ముందు నచ్చింది 'తొమ్మిది వేలు'. డ్రాగన్ బాల్ జీలో వెజీటా అనే అహంభావి, గోకూ బలం ఎంతో యంత్రంతో కొలిచి, తొమ్మిది వేలు దాటిందని గావుకేక పెట్టి ఆ యంత్రాన్ని గుప్పిట్లో నలిపేస్తాడు. ఎవరు ఏ అంకె చెప్పినా పిల్లలు దీన్నే వాడతారు. అయితే అసలు జపాను మాటల్లో అది ఎనిమిది వేలే! ఇంగ్లీషు డబ్బింగులో తొమ్మిదైంది. పసిఫిక్ సముద్రం దాటేసరికి వెయ్యి పెరిగిందన్నమాట. ఇది చదివి నేను రెండు రోజులు నాలో నేనే నవ్వుకున్నాను. ఎందుకంటే నేనిక్కడికి వచ్చినప్పుడు నా రెజ్యూమెలో అనుభవం కూడా సముద్రం దాటుతూనే అలాగే పెరిగింది. ఎలా పెరిగిందో నన్నడక్కండి. ఆ రోజుల్లో వచ్చినవాళ్ళకి తెలుసు, రానివాళ్ళకి చెప్పినా నమ్మరు.

ఇంతవరకూ అంతా నవ్వులాటే. అసలు తంటా పావురంతో వచ్చింది.

మీరూ చూసే ఉంటారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక యువకుడు, చేతిలో పుస్తకం, ఎగురుతున్న సీతాకోకచిలుక వైపు చెయ్యి చాపి, ఇది పావురమా అని అడుగుతుంటాడు. 2018లో ఈ బొమ్మ తిరగని చోటు లేదు. పెద్ద చదువులు చదివి చిన్న విషయం తెలియని ప్రతివాడికీ ఇది తగిలిస్తారు. నేనూ పడీ పడీ నవ్వి పదిమందికి పంపాను.

ఓ రోజు మా కుటుంబం వాట్సాప్ గుంపులో అదే బొమ్మ ప్రత్యక్షమైంది. యువకుడి మొహం స్థానంలో నా మొహం. సీతాకోకచిలుక స్థానంలో పచ్చటి ముద్ద ఒకటి. కింద తెలుగులో "ఇది పుదీనా పచ్చడా?" అని. మా అమ్మాయి తెలుగు లిపిలో తనంతట తాను రాసిన మొట్టమొదటి వాక్యం అదేననుకుంటా, అక్షర దోషం ఒక్కటి లేదు. తండ్రిగా గర్వపడాలో ఏడవాలో తెలియలేదు.

కథ ఏమిటంటే, 2004లో నేను ఒహాయోలో దిగిన మూడో వారం, క్లయింటువాళ్ళు భోజనానికి జపాను హోటలుకి తీసుకెళ్ళారు. అక్కడ పళ్ళెంలో ఓ మూల పచ్చగా ముద్దలా పెట్టింది చూసి, అమ్మయ్య, ఇక్కడైనా మనది ఒకటుంది అనుకుని, మొత్తం ఒకేసారి నోట్లో వేసుకున్నాను. అది వసాబి. ముక్కులోంచి, చెవుల్లోంచి, మాడులోంచి నిప్పులొచ్చాయి. బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది మందీ నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు, ఒకాయన తన మంచినీళ్ళు నావైపు తోశాడు కూడా. తర్వాత ఇరవై ఏళ్ళు ప్రతి పార్టీలో నేనే ఈ కథ చెప్పి అందర్నీ నవ్వించాను. అయినా కూతురు దాన్ని బొమ్మ చేసి హైదరాబాదులో ఉన్న మేనల్లుడి దాకా పంపేసరికి ఎక్కడో చురుక్కుమంది. ఆ రోజు బల్ల దగ్గర నేను నవ్వలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ఉక్రోషంలో అసలు ఈ పావురంగాడెవడో చూద్దామని వెతికాను. అది 1991లో సన్‌రైజ్ సంస్థ తీసిన 'ఫైబర్డ్' అనే రోబోల సీరియల్. ఆ కళ్ళజోడు యువకుడి పేరు యుతారో కతోరి. వాడు చదువుకున్న మూర్ఖుడు కాదండీ బాబూ! అసలు మనిషే కాదు. ఎక్కడో అంతరిక్షంలోంచి భూమిని కాపాడ్డానికొచ్చిన ప్రాణి, ఒక శాస్త్రవేత్త తయారుచేసిన మరమనిషి శరీరంలో దూరి, ఇక్కడి మనుషుల మధ్య మనిషిలా మసలుకోవడానికి నానా తంటాలు పడుతున్నాడు. వాడికి పావురమూ కొత్తే, సీతాకోకచిలుకా కొత్తే. రెండూ ఎగురుతాయి. తెలిసిన ఒక మాటతో తెలియనిదాన్ని పట్టుకోబోయాడు, అంతే. వసాబిని నేను పుదీనా పచ్చడి అనుకోవడానికీ దీనికీ తేడా ఏమైనా ఉందా?

అప్పటినుంచీ నాకీ మీమ్స్ మీద ఒక అభిప్రాయం ఏర్పడింది. నవ్వడం తప్పని కాదు. నవ్వండి. కానీ ఆ ఒక్క బొమ్మకి ముందు ఏం జరిగిందో, తర్వాత ఏం జరిగిందో తెలిశాక నవ్వితే, ఆ నవ్వు మారిపోతుంది. ఎక్కువ సేపు ఉంటుంది కూడా.

ఇదే మాట మా ఊరి మిత్రుడొకడితో అంటే, "నవ్వుకోడానికి కూడా సిలబస్ పెడతావేమిట్రా!" అన్నాడు. "బ్రహ్మానందం బొమ్మ పంపినప్పుడు అది ఏ సినిమాలోదో చెప్పి పంపుతున్నావా?" అని కూడా అన్నాడు. సరైన ప్రశ్నే. మా అమ్మాయి ఫోనులో బ్రహ్మానందం బొమ్మలు యాభై దాకా ఉంటాయి. దానికి ఆయన మొహమే ఒక భాష. ఒక్క సినిమా చూడలేదు. అందుకని ఒప్పందం చేసుకున్నాం, వారానికి అది చెప్పిన అనిమే ఒక భాగం నేను చూడాలి, నెలకి నేను చెప్పిన తెలుగు సినిమా ఒకటి అది చూడాలి. మొదటి నెల 'అహ నా పెళ్ళంట' పెట్టాను. 1987 సినిమా, ఇప్పటి పిల్లకి ఎక్కడ నచ్చుతుందిలే అని భయపడుతూనే. కోట శ్రీనివాసరావు కోడిని వేలాడదీసుకుని దాన్ని చూస్తూ ఒట్టి అన్నం తినే చోట అది సోఫా మీంచి కింద పడింది. అరగుండు బ్రహ్మానందాన్ని చూసి, "నా స్టిక్కరు మాట్లాడుతోంది నాన్నా!" అంది. ఇక్కడ మిత్రుడి వాదన ఓడిపోయిందని నా తీర్పు. బొమ్మ మాత్రమే తెలిసినప్పటి నవ్వుకీ, ఆ రోజు నవ్వుకీ పోలికే లేదు.

కొన్ని మాత్రం మీమ్‌గానే బాగుంటాయని ఒప్పుకుంటాను. నరుటోలా చేతులు వెనక్కి చాచి, తల ముందుకి పెట్టి పరిగెత్తడం ఉంది చూశారూ, దానికి వెనకా ముందూ ఏమీ తెలియక్కర్లేదు. 2019 సెప్టెంబరులో నెవాడా ఎడారిలో ఏరియా 51 దగ్గరకి జనం పోగైనప్పుడు, టీవీ విలేఖరి మాట్లాడుతుంటే వెనకాల ఒకడు అలా పరిగెత్తుకెళ్ళాడు. ఎందుకు అని అడిగితే సమాధానం లేదు. మా వీధిలో పిల్లలు అలా పరిగెడుతుంటే మా అమ్మ, "పాపం, చేతులు నొప్పా?" అని అడిగింది. అక్కడితో సరి.

లారీ సంగతీ అంతే. వేరే లోకంలో మళ్ళీ పుట్టే కథలకి జపానులో 'ఇసెకై' అని పేరు. చాలా వాటిల్లో మొదటి నిమిషంలో లారీ వచ్చి హీరోని గుద్దేస్తుంది, కళ్ళు తెరిచేసరికి వేరే లోకం. పాపం ఆ లారీకి ముద్దుపేరు కూడా పెట్టారు, 'ట్రక్-కున్' అని, మన లారీబాబు అన్నట్టు. 'కోనోసుబా'లో కజుమా మరీ దౌర్భాగ్యుడు. లారీ కింద పడబోతున్న అమ్మాయిని కాపాడాననుకుని ప్రాణాలు వదులుతాడు. తీరా చూస్తే అది మెల్లిగా వస్తున్న ట్రాక్టరు, గుద్దనేలేదు, వీడే బెంబేలెత్తి గుండాగి పోయాడు! పొలం గట్ల మీద పెరిగినవాణ్ణి, ట్రాక్టరంటే నాకు చిన్నచూపు లేదు గానీ, ఇంత అన్యాయమైన చావు ఎక్కడా చూడలేదు. మనవాళ్ళని ఈ లోకానికి తెచ్చిన లారీ పేరు హెచ్-1బి. గుద్దిందో లేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం.

సరే, నేను నిజంగా తగువు పెట్టుకోదలచిన మీమ్‌కి వస్తాను. షింజి.

'ఎవాంజెలియన్' 1995 అక్టోబరులో టీవీలో మొదలైంది, హిదెయాకి అన్నో దర్శకుడు, ఇరవై ఆరు భాగాలు. షింజికి పద్నాలుగేళ్ళు. తల్లి లేదు. తండ్రి గెండో వీణ్ణి ఇంకొకరి దగ్గర వదిలేసి ఏళ్ళ తరబడి మొహం చూడలేదు. ఒక రోజు రమ్మని కబురు పెట్టాడు. వాడు వెళ్ళాడు. ఎలా ఉన్నావురా అన్న మాట లేదు. ఎత్తైన అద్దాల గదిలోంచి కిందకి చూస్తూ, అదిగో ఆ రాక్షసి యంత్రంలోకెక్కి బయట ఊరిని కూలుస్తున్న దానితో యుద్ధం చెయ్యి, చెయ్యకపోతే వెళ్ళిపో అన్నాడు. వాడు ఎక్కనన్నాడు. అప్పుడు ఒళ్ళంతా కట్లతో ఉన్న ఒక ఆడపిల్లని మంచం మీద తోసుకొచ్చారు, నువ్వు కాకపోతే ఈ పిల్ల ఎక్కుతుందని. వాడు ఎక్కాడు.

దీనిమీద ముప్ఫయ్యేళ్ళుగా నడుస్తున్న జోకు ఏమిటంటే, షింజీ నోర్మూసుకుని రోబో ఎక్కు, అని. వాడు పిరికివాడట. ఏడుపుగొట్టట. తల్లో దువ్వెన పెట్టుకుని తిరిగే వయసు కుర్రాణ్ణి పట్టుకుని ప్రపంచమంతా ఎక్కు ఎక్కు అని అరుస్తోంది. గెండో మీద జోకులు తక్కువ. ఉన్నా భక్తితో ఉంటాయి. బల్ల మీద మోచేతులానించి, వేళ్ళు పెనవేసి నోటి ముందు పెట్టుకుని, కళ్ళజోడు మాత్రం తళుక్కుమనేలా కూర్చుంటాడు. ఆ భంగిమ మహా స్టైలట.

ఎక్కనన్నవాణ్ణి చూసి నవ్వడం, ఎక్కించినవాడి భంగిమ మెచ్చుకోవడం. ఇక్కడే నాకు మింగుడుపడలేదు. మీరు తెలుగువాళ్ళైతే మీకూ పడకూడదు.

నేనెక్కిన రోబో పేరు ఎంసెట్. పదో తరగతి అయిన వేసవిలో తణుకులో మా ఇంటి వరండాలో బాపు గారి బొమ్మలు చూసి గీస్తూ కూర్చునేవాణ్ణి. మా నాన్న పడక్కుర్చీలో పేపరు వెనకనుంచి, "సోమవారం విజయవాడ. పెట్టె సర్దుకో" అన్నారు. వెళ్ళనన్నాను. పేపరు కిందకి దిగలేదు. రెండేళ్ళు ఆ రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున నాలుగున్నర నుంచి రాత్రి పదిన్నర దాకా ఏం చదివానో గుర్తు లేదు గానీ, ట్రంకు పెట్టె అడుగున దాచుకున్న బొమ్మల పుస్తకాన్ని వార్డెను పట్టుకెళ్ళిపోయిన రోజు మాత్రం బాగా గుర్తు. ఆ రోబోయే నన్ను ఒహాయో దాకా మోసుకొచ్చింది, ఇల్లు కట్టించింది. కాబట్టి దాన్ని తిట్టే హక్కు నాకు సగమే ఉంది. ఆ సగం వాడుకుంటున్నాను.

మొదటి భాగం చూస్తున్నప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు వొలుస్తోంది. కథ మధ్య మధ్యలో నేనే తెలుగులో చెబుతున్నాను. కుర్రాడు ఎక్కగానే చేతిలో కాయలు పక్కన పెట్టి, "నిన్ను విజయవాడలో దింపి వచ్చి మీ నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తిన్లేదురా. నీకు చెప్పొద్దన్నారు" అంది. ఆయన పోయి ఆరేళ్ళయింది. ముప్ఫయ్యేళ్ళు పైగా దాచిన మాట ఒక జపాను బొమ్మల సీరియల్ చూసి బయటపెట్టింది మా అమ్మ. 1997లో వచ్చిన సినిమాలో గెండో కూడా ఇలాంటిదే ఒప్పుకుంటాడు, కొడుకు దగ్గరగా ఉంటే వాణ్ణి గాయపరుస్తానన్న భయంతోనే దూరంగా ఉండిపోయానని. ఏం లాభం, వినాల్సినవాడు అప్పుడు పక్కన లేడు. కళ్ళజోడు భంగిమ మీమ్‌లో ఇదంతా పట్టదు కదా.

ఇక సిగ్గు విడిచి మిగతాది కూడా చెప్పేస్తాను. మా అమ్మాయికి ఇప్పుడు పద్నాలుగు. రోజంతా టాబ్లెట్ మీద బొమ్మలు గీస్తుంది. ఈ వేసవికి నేను ఎక్సెల్‌లో ఒక షీటు చేశాను. లెక్కల కోచింగు, కోడింగు క్యాంపు, మళ్ళీ ఇంకో లెక్కల కోచింగు. ఊళ్ళో మూడు వారాల బొమ్మల క్లాసు ఉంది, చేరతానంది. గడి ఖాళీ లేదన్నాను. అన్నప్పుడు డైనింగు టేబుల్ మీద మోచేతులానించి, వేళ్ళు పెనవేసి నోటి ముందు పెట్టుకుని కూర్చున్నానని నాకు తెలియదు. లాప్‌టాప్ వెలుగు కళ్ళజోడు మీద పడుతోందని అసలే తెలియదు.

గుంపులో రెండు ఫొటోలు పక్కపక్కన వచ్చాయి. ఎడమ గెండో, కుడి నేను. కింద ఒక్క అక్షరం లేదు. హైదరాబాదు మేనల్లుడు నిమిషంలో, "మావయ్యా, రోబో ఎక్కించేస్తున్నావా?" అని పెట్టాడు.

కోపం వచ్చింది. పావురం బొమ్మప్పటికంటే ఎక్కువే వచ్చింది. వేళ్ళు విడదీసి, చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. మీమ్స్‌ని ఇంతసేపు ఆడిపోసుకున్నాను గానీ, నాకు ఎవరూ మాటల్లో చెప్పలేనిది, చెప్పినా నేను విననిది, ఆ రెండు ఫొటోలూ చెప్పేశాయి. అయితే అది పనిచేసింది నేను ఆ సీరియల్ చూసుండటం వల్లనే. చూడకపోయుంటే, కూతురు నన్నెవరో స్టైలుగా ఉన్న కళ్ళజోడాయనతో పోల్చిందని మురిసిపోయి, అందరికీ దండాలు పెట్టేవాణ్ణి.

రెండో లెక్కల కోచింగు తీసేశాను. మొదటిది తియ్యలేదు, నాకంత ధైర్యం ఇంకా రాలేదు. దానికి అది ఒప్పుకోలేదు, ఇంకా బేరం నడుస్తోంది. బొమ్మల క్లాసు కాగితం మీద మాత్రం మొన్న రాత్రి సంతకం పెట్టాను.

ఎవాంజెలియన్ ఆఖరి భాగంలో అందరూ షింజి చుట్టూ గుండ్రంగా నిలబడి చప్పట్లు కొడుతూ, శుభాకాంక్షలు చెబుతారు. అది కూడా పెద్ద మీమేలెండి, ఎవరు ఏ చిన్న పని చేసినా పెడతారు. నేను సంతకం పెట్టి కలం మూసేసరికి మా అమ్మాయి లేచి, వాళ్ళమ్మని లేపి, నానమ్మని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి నా కుర్చీ చుట్టూ నిలబెట్టింది. ముగ్గురూ చప్పట్లు. "ఒమెదెతో!" అంది మా అమ్మాయి. మా ఆవిడకి ఈపాటికి అన్నీ తెలుసు, అదీ అంది.

మా అమ్మ కూడా శక్తి కొద్దీ చప్పట్లు కొట్టి, కాసేపాగి, "ఇంతకీ ఎవరి పుట్టినరోజే?" అని అడిగింది.